తల్లీ బిడ్డా క్షేమం

కాన్పు గది బయట బల్లమీద కూర్చున్నవాళ్ళ చెవులన్నీ తలుపు మీదే ఉంటాయి. బిడ్డ ఏడుపు వినబడుతుంది. కాసేపటికి నర్సమ్మ బయటికి వచ్చి "తల్లీ బిడ్డా క్షేమం" అంటుంది. అంతే, ఫోన్లు మోగుతాయి. ఒకరు మిఠాయి కొట్టుకు పరుగెడతారు. అమ్మమ్మ ఇలవేల్పుకు దండం పెట్టుకుంటుంది.

బిడ్డ సంగతి ఆ మొదటి ఏడుపుతో చాలావరకు తేలిపోతుంది. తల్లి సంగతి అప్పటికింకా తేలదు. మాయ పడాలి. గర్భసంచి గట్టిపడాలి. రక్తం ఆగాలి. ఈ మూడూ జరిగేదాకా ఆ కబురులో సగమే నిజం. పురుడంటే ఆడదానికి పునర్జన్మ అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. బిడ్డను కని, కళ్ళముందే చల్లబడిపోయిన తల్లుల్ని వాళ్ళు చూశారు. ప్రపంచంలో గర్భిణుల, బాలింతల మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇవాళ్టికీ రక్తస్రావమే. ఏటా పదుల వేలమంది తల్లులు ఇలా పోతున్నారు. వాళ్ళలో అత్యధికులు పేద దేశాలవాళ్ళు.

ఈ చావులను ఆపే మందులు ఖరీదైనవి కావు, కొత్తవీ కావు. చాలామంది తల్లులు పోయేది మందు లేక కాదు, ప్రమాదం ముంచుకొచ్చిందని సమయానికి తెలియక. పోతున్న రక్తాన్ని నిమిషాల్లో కనిపెట్టి ఆపడం ఒక పని. పోయిన రక్తాన్ని తిరిగి ఎక్కించడం మరో పని. రెండోది ఎంత బాగా చేసినా మొదటిదానికి బదులు కాదు. పైగా ఈ రెండింటికీ తయారీ కాన్పు రోజున మొదలుపెడితే ఆలస్యమే, నెలల ముందే మొదలవ్వాలి.

నులక మంచం బిగించినట్టు

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంది. తల్లి ఒంట్లో రక్తం మొత్తం 5 లీటర్లు అనుకుంటే, అంత ప్రవాహానికి అడ్డూ ఆపూ లేకపోతే పది నిమిషాల్లోపే ఆమె ఖాళీ అయిపోతుందన్నమాట.

బిడ్డకు కావలసిన ప్రాణవాయువు, ఆహారం అందడానికే ఈ ఏర్పాటంతా. మాయ అతుక్కున్న చోట గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులు వంద దాకా ఉంటాయి. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయ కణాలు ఈ ధమనుల్లోకి చొచ్చుకుపోయి, వాటి గోడల్లోని కండరాన్ని కరిగించేస్తాయి. సన్నటి ధమనులు వెడల్పాటి గొట్టాలవుతాయి. బిడ్డకు రక్తం ధారాళంగా అందుతుంది. కానీ మామూలుగా తెగిన రక్తనాళం తనంతట తాను ముడుచుకుంటుంది కదా, ఆ శక్తి వీటికి ఇక ఉండదు.

కాన్పు తర్వాత మాయ ఊడి వస్తుంది. అది అతుక్కుని ఉన్న చోట పళ్ళెమంత పచ్చిపుండు మిగులుతుంది. ముడుచుకోలేని వంద గొట్టాల నోళ్ళు ఆ పుండులో తెరుచుకుని ఉంటాయి. అయినా నూటికి తొంభైమందికి పైగా తల్లుల్లో ఈ నోళ్ళు కొద్ది నిమిషాల్లో మూతపడతాయి. ఎలా?

నులక మంచం అల్లిక గుర్తు చేసుకోండి. గర్భసంచి కండరం పోగులు అలాగే అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లిక సందుల్లోంచే ధమనులు వెళ్తాయి. మాయ పడగానే కండరం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. నులక బిగించి లాగితే సందుల్లో ఉన్నదేదైనా నలిగిపోతుంది కదా, అలాగే ప్రతి ధమనీ చుట్టూ ఉన్న పోగుల మధ్య నొక్కుకుపోయి మూసుకుంటుంది. ఏ దారమూ సూదీ లేకుండా శరీరమే వంద చోట్ల ముడి వేసుకుంటుంది. ఆ తర్వాతే గడ్డకట్టిన రక్తం ఆ నోళ్ళకు బిరడాలా పడుతుంది.

ఈ గండం కోసం శరీరం ముందునుంచీ కూడబెట్టుకుంటుంది కూడా. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టడానికి ముడిసరుకైన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీను లీటరుకు 4 నుంచి 6 గ్రాములకు చేరుతుంది. మామూలు రోజుల్లో ఉండేదానికి ఇది రెట్టింపు వరకూ ఉంటుంది.

ఇంత ఏర్పాటూ ఎక్కడ చెడుతుంది? నాలుగు చోట్ల. మొదటిది, కండరం బిగుసుకోకపోవడం. పది కేసుల్లో ఏడింటికి ఇదే కారణం. కవల పిల్లలవల్లో పెద్ద బిడ్డవల్లో బాగా సాగినా, నొప్పులు గంటల తరబడి సాగి అలసిపోయినా, మూత్రాశయం నిండి అడ్డుపడినా గర్భసంచి మెత్తగా ఉండిపోతుంది. రెండోది, బిడ్డ వచ్చే దారిలో చిరుగులు. మూడోది, మాయ పూర్తిగా పడకపోవడం. అరచేతిలో పట్టే ముక్క లోపల మిగిలినా కండరం బిగుసుకోలేదు. నాలుగోది, రక్తం గడ్డకట్టే గుణం కోల్పోవడం. అయితే ఈ కారణాలు చూసి ఎవరికి రక్తస్రావం అవుతుందో ముందే చెప్పేయవచ్చనుకుంటే పొరపాటు. ఏ లోపమూ లేకుండా, అంతా సజావుగా సాగిన కాన్పుల్లో కూడా ఇది వస్తుంది. అందుకే ప్రతి తల్లినీ కనిపెట్టుకుని ఉండాల్సిందే.

కంటి లెక్క తప్పుతుంది

కాన్పయ్యాక 24 గంటల్లోపు అర లీటరుకు మించి రక్తం పోతే దాన్ని ప్రసవానంతర రక్తస్రావం అని, లీటరు దాటితే తీవ్రమైనదని చాలాకాలంగా లెక్క. కానీ అర లీటరు పోయిందని ఎవరు చెప్పాలి? రక్తం పక్కబట్టల్లో ఇంకుతుంది, ఉమ్మనీటితో కలుస్తుంది, నేలమీద పారుతుంది. ఎన్నో కాన్పులు చేసిన చేతులు కూడా చూపుతో అంచనా వేస్తే తక్కువే చెబుతాయి. ఎక్కువ పోయినకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

దీనికి ఒక చక్కటి ఉపాయం మన పొరుగున ఉన్న కర్ణాటకలో, బెళగావిలో పుట్టింది. అక్కడి జవాహర్‌లాల్ నెహ్రూ వైద్య కళాశాల వైద్యులు, అమెరికన్ పరిశోధకులు కలిసి ఒక ప్లాస్టిక్ పరుపు గుడ్డను తయారుచేశారు. బిడ్డ పుట్టగానే దాన్ని తల్లి నడుం కింద పరుస్తారు. దాని అంచు గరాటులా కిందికి వేలాడుతుంది. గరాటు మీద కొలపాత్రకు ఉన్నట్టే గీతలుంటాయి. పోయిన రక్తం అందులో చేరుతుంది, ఎంతో గీత చూసి చెప్పవచ్చు. ఆ గుడ్డతో పోల్చి చూసినప్పుడు, కంటితో వేసిన అంచనా మూడోవంతు తక్కువగా తేలింది. లీటరు పోయిన చోట ముప్పావు లీటరు కన్నా తక్కువే అనుకుంటున్నారన్నమాట.

ఆ మాత్రం గుడ్డకు ఎంత బలముందో 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షలకు పైగా కాన్పులు. సగం ఆసుపత్రుల్లో ఎప్పటిలాగే చూసుకున్నారు. మిగతా సగంలో గీతల గుడ్డ పరిచి, గీత దాటగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. పాత పద్ధతిలో రక్తస్రావాన్ని గుర్తించినది నూటికి 51 సార్లే. గుడ్డతో 93 సార్లు. లీటరు దాటి రక్తం పోవడం, రక్తస్రావానికి కడుపు కోసి ఆపరేషన్ చేయాల్సిరావడం, చావు, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందుల్ని సమయానికి వాడారు.

కొలవకపోతే ఇంకో మోసం కూడా ఉంది. పడుచు తల్లి శరీరం చాలాసేపు లోటును కప్పిపుచ్చుతుంది. రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది, బీపీ మాత్రం దాదాపు మామూలుగానే చూపిస్తుంది. ఒంట్లో రక్తం పావు వంతు పోయినా "బీపీ బాగానే ఉంది" అన్న మాట వినబడవచ్చు. ఆ తర్వాత అది మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారిగా కూలుతుంది. కాబట్టి బీపీ ఒక్కటే చూస్తే చాలదు. నాడి సంఖ్యను బీపీ పై అంకెతో భాగించాలి. నాడి 110, బీపీ 100 అయితే 1.1. ఈ లెక్క 0.9 చేరిందంటే బీపీ ఎలా ఉన్నా తల్లి ప్రమాదంలోకి జారుతున్నట్టే. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇస్తూ, నాడిలోనో బీపీలోనో తేడా కనిపిస్తే 300 మిల్లీలీటర్ల దగ్గరే రంగంలోకి దిగమంది. అర లీటరు దాకా ఆగొద్దని దాని అర్థం.

ఐదు పనులు ఒకేసారి

గీత దాటింది. ఇప్పుడేం చేయాలి? ఒకటి చేసి, ఫలితం చూసి, తర్వాత ఇంకొకటి మొదలుపెట్టడం పాత అలవాటు. అలా ఒక్కొక్క పనికీ పది నిమిషాలు ఆగితే దాదాపు గంట గడిచిపోతుంది. కొత్త పద్ధతిలో ఐదూ కలిపి ఒకేసారి చేస్తారు. పొట్టమీద చెయ్యివేసి గర్భసంచిని మర్దించడం, అది బిగుసుకునే మందు ఇవ్వడం, గడ్డ కరగకుండా ట్రానెక్సామిక్ ఆమ్లం ఎక్కించడం, నరానికి సెలైన్ పెట్టడం, చిరుగులకోసం, మిగిలిన మాయముక్కకోసం పరీక్షించడం. మూత్రాశయం ఖాళీ చేయించడం కూడా ఇందులో భాగమే.

బిగుసుకునే మందుల్లో మొదటిది ఆక్సిటోసిన్. 1906లో లండన్‌లో హెన్రీ డేల్ పిట్యుటరీ గ్రంథి సారానికి గర్భసంచిని బిగించే గుణం ఉందని గమనించాడు. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ 10 యూనిట్ల ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావం ముప్పు బాగా తగ్గుతుంది. దీనికున్న బలహీనత వేడి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు పోయే ఊళ్ళో, మే నెల ఎండలో బీరువాలో పడి ఉన్న ఆంప్యూల్‌లో మందు పేరుకే మిగులుతుంది. వేడికి చెడని కార్బెటోసిన్ ఈ లోటు తీర్చడానికే వచ్చింది. 2018లో మన దేశంతో సహా 10 దేశాల్లో దాదాపు 30 వేలమంది తల్లులమీద పరీక్షించి, అర లీటరు దాటే రక్తస్రావాన్ని ఆపడంలో అది ఆక్సిటోసిన్‌కు తీసిపోదని తేల్చారు. ఇంజెక్షన్ చేసే వీలే లేనిచోట మిసోప్రోస్టాల్ మాత్రలున్నాయి. బెళగావి జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంలు 1,620 మంది తల్లులతో చేసిన పరీక్షలో ఈ మాత్రలు రక్తస్రావాన్ని నూటికి 12 నుంచి 6.4కు తగ్గించాయి. ఆ ఫలితం 2006లో వెలువడింది.

ఇక ట్రానెక్సామిక్ ఆమ్లం కథ. మన ఒంట్లో గడ్డ కట్టించే యంత్రాంగంతోపాటు గడ్డను కరిగించే ఎంజైము కూడా ఉంది. ప్లాస్మిన్ దాని పేరు. కాన్పు గాయం తర్వాత ఇది చెలరేగి, కట్టిన గడ్డను కట్టినట్టే కరిగించేస్తుంది. దాన్ని అడ్డుకునే ఈ మందును జపాన్‌లో ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే ఒకమోతో కనిపెట్టి 1962లో ప్రకటించారు. యుద్ధం తర్వాతి లేమిలో పరిశోధన మొదలుపెట్టిన దంపతులు వాళ్ళు. రక్తాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం, కావాలంటే తమ రక్తమే తీసుకుని పని జరుపుకోవచ్చని. చూసుకునేవాళ్ళు లేక ఉతాకో పసికూతుర్ని వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసేది. కాన్పుల్లో పోతున్న తల్లులకు ఇది పనికొస్తుందని ఆమె గట్టిగా నమ్మింది. కానీ పరీక్షించి చూడమంటే ప్రసూతి వైద్యులు ముందుకు రాలేదు.

ఆమె నమ్మకం నిజమని తేలడానికి 55 ఏళ్ళు పట్టింది. 21 దేశాల్లో 20,060 మంది తల్లులమీద జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. కాన్పైన 3 గంటల్లోపు ఈ మందు అందితే రక్తస్రావపు మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. 3 గంటలు దాటాక ఇస్తే లాభం కనబడలేదు. చికిత్స 15 నిమిషాలు ఆలస్యమైనకొద్దీ ప్రయోజనం పదోవంతు చొప్పున తరిగిపోతుందని తర్వాతి లెక్కల్లో తేలింది. ఫలితం వచ్చేనాటికి ఉతాకో లేదు. అంతకు ఏడాది ముందు, 98 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

మందులకు లొంగనప్పుడు చేతులే ఆధారం. ఒక చెయ్యి లోపల పిడికిలిగా, ఒక చెయ్యి పొట్టమీద ఉంచి గర్భసంచిని రెంటి మధ్యా గట్టిగా నొక్కి పట్టుకుంటారు. లేదా లోపల బెలూను పెట్టి నీటితో నింపి, గోడలను లోపలినుంచి ఒత్తుతారు. కంపెనీ బెలూన్లు కొనలేని దేశంలో, ఢాకాలో, డాక్టర్ సాయెబా అఖ్తర్ ఒక మూత్రపు గొట్టానికి కండోమ్ కట్టి సెలైన్‌తో నింపింది. 23 మంది తల్లులకు దాన్ని వాడిన అనుభవాన్ని 2003లో ప్రచురించింది. ఆ ఉపాయం ఎన్నో పేద దేశాల కాన్పు గదులకు చేరింది. అప్పటికీ ఆగకపోతే ఆపరేషన్. 1997లో క్రిస్టఫర్ బి-లించ్ వర్ణించిన కుట్టుతో గర్భసంచిని, మూటకు అడ్డంగా నిలువుగా తాడు కట్టినట్టు బిగిస్తారు. దానికీ లొంగకపోతే గర్భసంచినే తీసేయాలి. ఆ నిర్ణయానికి జాగుచేస్తే ప్రాణమే పోతుంది.

పోయిన రక్తం తిరిగి ఇవ్వడం

మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించాలన్న ప్రయత్నానికి దారితీసింది ఒక బాలింత చావు. లండన్‌లో జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు కాన్పు తర్వాత రక్తం పోయి ఒక తల్లి తన కళ్ళముందే చనిపోవడం చూశాడు. అప్పటికి నూటయాభై ఏళ్ళ కిందట పారిస్‌లో గొర్రె రక్తాన్ని మనుషులకు ఎక్కించి, ప్రమాదాలు జరిగి, ఆ పనే నిషేధమైపోయింది. బ్లండెల్ కుక్కలమీద ప్రయోగాలు చేసి, ఒక జాతి రక్తం ఇంకో జాతికి పనికిరాదని తేల్చాడు. 1818లో మొదటిసారి మనిషి రక్తాన్ని ఒక రోగికి ఎక్కించాడు. ఆ రోగి బతకలేదు. అయినా బ్లండెల్ పట్టు వదలలేదు. కాన్పు తర్వాత రక్తం పోయి కొనఊపిరితో ఉన్న ఒక తల్లికి సహాయకుడి చేతినుంచి సుమారు పావు లీటరు రక్తం తీసి ఎక్కించి బతికించాడు. 1829లో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

కానీ ఆయన రోగుల్లో సగంమంది పోయారు. ఎందుకో ఆ కాలానికి తెలియదు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపుల్ని వివరించాకే కారణం బయటపడింది. ఆయన పుట్టినరోజు జూన్ 14నే ఇప్పుడు ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుకుంటున్నాం. 1914, 1915లలో సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని తేలింది. దాతను రోగి పక్కన పడుకోబెట్టే అవసరం తీరింది. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ రక్తాన్ని నిలవచేసే విభాగం పెట్టి, దానికి బ్లడ్ బ్యాంక్ అని పేరుపెట్టాడు. ఇవాళ మన ఊరి ఆసుపత్రి బోర్డుమీద ఉన్న మాట అదే.

గ్రూపు కలిస్తే చాలదు, దాత రక్తాన్నీ తల్లి రక్తాన్నీ కలిపి చూసే క్రాస్ మ్యాచింగ్ కూడా కావాలి. ఎందుకో చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 1952లో బాంబేలో వై. ఎం. భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన గ్రూపును కనుగొన్నారు. మామూలు పరీక్షలో అది ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. కానీ ఆ గ్రూపువాళ్ళకు ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. దానికే బాంబే గ్రూపు అని పేరు వచ్చింది. ఈ పరీక్షలన్నిటికీ ముప్పావుగంట దాకా పడుతుంది. కాబట్టి రక్తస్రావం మొదలవగానే నమూనా పంపాలి, తల్లి పాలిపోయేదాకా ఆగకూడదు. అంత వ్యవధి కూడా లేకపోతే, ఎవరికైనా ఇవ్వదగిన ఓ నెగెటివ్ రక్తంతో మొదలుపెడతారు. మన జనాభాలో ఆర్‌హెచ్ నెగెటివ్ వాళ్ళే నూటికి అయిదుగురు దాకా. అందులో ఓ గ్రూపు వాళ్ళు ఇంకా తక్కువ. ఆ సంచి దొరుకుతుందిలే అన్న భరోసాతో కూర్చోలేం.

సెలైన్ ఎక్కిస్తే చాలదా?

ఆసుపత్రిలో సెలైన్ సీసా వేలాడితే మనవాళ్ళకు ధైర్యం. మొదటి నిమిషాల్లో సెలైన్ మేలే చేస్తుంది, రక్తనాళాల్లో ఖాళీని పూరించి బీపీ నిలబెడుతుంది. కానీ ఉప్పునీళ్ళు ప్రాణవాయువును మోయలేవు, గడ్డ కట్టించలేవు. మితిమీరి పోస్తే మజ్జిగలో నీళ్ళు కలిపినట్టు మిగిలిన రక్తం పలచబడుతుంది. ఒళ్ళు చల్లబడితే గడ్డకట్టే ఎంజైములు మందగిస్తాయి. కణాలకు ప్రాణవాయువు అందక రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. చలి, ఆమ్లం, గడ్డకట్టకపోవడం ఒకదాన్నొకటి పెంచుకుంటూ తల్లిని ముంచేస్తాయి. అందుకే ఎక్కించే రక్తాన్ని వెచ్చబెట్టి ఇస్తారు, తల్లికి దుప్పట్లు కప్పుతారు.

దాత ఇచ్చిన ఒక సంచి రక్తాన్ని బ్లడ్ బ్యాంకులో మూడు భాగాలుగా విడదీస్తారు. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి. 2 నుంచి 6 డిగ్రీల్లో 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి. ప్లాస్మాలో గడ్డకట్టించే ప్రోటీన్లుంటాయి. దాన్ని అతిచలిలో ఘనీభవింపజేసి ఏడాది దాకా దాచవచ్చు. ప్లేట్‌లెట్లు 20 నుంచి 24 డిగ్రీల్లో, ఆపకుండా ఊగుతుండే అరల్లో, 5 రోజులే ఉంటాయి. తల్లికి లీటర్ల కొద్దీ రక్తం పోతున్నప్పుడు ఒక్క ఎర్రకణాలే ఇస్తూపోతే చాలదు, మూడింటినీ దాదాపు సమపాళ్ళలో ఇవ్వాలి. కాన్పు రక్తస్రావంలో అన్నిటికన్నా ముందు తరిగిపోయేది ఫైబ్రినోజెన్. అది లీటరుకు 2 గ్రాముల కిందికి పడిందంటే పెను ప్రమాదం ముందుందని అర్థం. దాన్ని పూరించడానికి క్రయోప్రెసిపిటేట్ అనే చిక్కటి ప్లాస్మా భాగం ఇస్తారు. సంచిలో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేటే తల్లి ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. కాబట్టి సంచులు ఎక్కువైతే కాల్షియం కూడా ఇవ్వాలి.

ఇంత చేసినా మొదటి సూత్రం మారదు. చిల్లు మూయకుండా కుండలో నీళ్ళు పోస్తే నిలవవు. రక్తం ఎక్కించడం తల్లికి వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో రక్తస్రావాన్ని ఆపేది చేతులు, మందులు, కుట్టు.

ఎవరి రక్తం?

"నా రక్తం తీసుకోండి డాక్టరుగారూ" అని భర్త చొక్కా చెయ్యి పైకి మడవడం మన సినిమాల్లో చూశాం. ఆ ప్రేమ నిజమే. కానీ పిల్లల్ని కనే వయసులో ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కించడం మంచిది కాదు. అతని ఎర్రకణాలమీది గుర్తులకు ఎదురుగా ఆమె శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకోవచ్చు. అవే గుర్తులు తండ్రినుంచి తర్వాతి బిడ్డకు వస్తే, ఆ ప్రతిరక్షకాలు మాయ దాటి వెళ్ళి బిడ్డ రక్తాన్ని విరిచేస్తాయి. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంతోనూ అరుదుగా వేరే ప్రమాదం ఉంది. తల్లికి అన్నిటికన్నా సురక్షితమైనది ముక్కూ మొహం తెలియని మనిషి, ముందే, ఏ ఒత్తిడీ లేకుండా ఇచ్చి పెట్టిన రక్తం.

డబ్బుకు రక్తం అమ్మేవాళ్ళమీద ఆధారపడిన రోజులు మన దేశంలో ఉండేవి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం ఆగిపోయింది. ఇక మిగిలింది మనమే. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల పైన బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులెవరైనా ఇవ్వవచ్చు. మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి. తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి వస్తాయి. రక్తమిస్తే జన్మంతా నీరసమన్నది వట్టి భయం.

మన తల్లుల లెక్క

ఇద్దరు తల్లులు అనుకుందాం. ఇద్దరి ఒంట్లో 5 లీటర్ల రక్తం. ఒకరి హిమోగ్లోబిన్ 12, ఇంకొకరిది 7. ఇద్దరికీ లీటరు రక్తమే పోయింది, ఆ ఖాళీ నీటితో పూడింది. మొదటి తల్లికి 9.6 మిగులుతుంది. నీరసపడుతుంది, కోలుకుంటుంది. రెండో తల్లికి మిగిలేది 5.6. గుండె తట్టుకోలేని అంచుకు చేరుతుంది. ఒక సంచి ఎర్రకణాలు ఎక్కిస్తే పెరిగేది 1 గ్రాము. మొదటి తల్లి ఉన్న చోటికి రెండో తల్లి చేరాలంటే నాలుగు సంచులు కావాలి. ఆరు నెలలు వాడిన ఐరన్ మాత్రలకు, తిన్న తోటకూరకు, పప్పుకు, గుడ్డుకు ఆ నాలుగు సంచుల విలువ ఉంది. మాత్రలు పడకపోతే నరానికి ఎక్కించే ఐరన్ కూడా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే.

ఇంకొక లెక్క మనకే ప్రత్యేకం. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. అవసరమైన చోట సిజేరియన్ ప్రాణదాత. కానీ ముహూర్తం చూసుకుని, నొప్పులకు భయపడి, అవసరం లేకుండా చేయించుకున్న కోత తర్వాతి కాన్పులో పగ తీర్చుకుంటుంది. పాత కోత మచ్చమీద మాయ అతుక్కుంటే గోడలోకి వేళ్ళూనుకుపోవచ్చు, అప్పుడది ఊడదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, మాయ కింద, గర్భసంచి నోటికి అడ్డంగా ఉన్న తల్లుల్లో ఒకసారి సిజేరియన్ అయినవాళ్ళకు ఇలా అతుక్కోవడం నూటికి 11 మందిలో, రెండుసార్లు అయినవాళ్ళకు 40 మందిలో కనిపించింది. అలాంటి కాన్పు పెద్ద ఆసుపత్రిలో, సంచుల కొద్దీ రక్తం సిద్ధం పెట్టుకుని చేయాల్సిందే.

అయినా మనం నడిచివచ్చిన దూరం తక్కువ కాదు. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు పోయారు. 2018–20 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగింది. దేశం సగటు అప్పుడు 97. ఆసుపత్రి కాన్పులు, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులు, పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కలిసి మోసుకొచ్చిన మార్పు ఇది. మిగిలిన ఆ నలభై చిల్లరలో కూడా ప్రతి అంకె వెనుకా తల్లి లేని ఒక పసికందు ఉంది.

ఇంటివాళ్ళు చేయగలిగింది కొంచెమే, కానీ తప్పకుండా చేయాల్సింది. మూడో నెలలోనే గ్రూపు తెలుసుకోవడం, హిమోగ్లోబిన్ ప్రతి విడతా రాయించుకోవడం, కాన్పు ఎక్కడ చేయించుకుంటున్నారో అక్కడ రక్తం దొరుకుతుందా, లేకపోతే ఎంత దూరంలో ఉందో ముందే అడగడం. కాన్పయ్యాక తల్లిని ఒంటరిగా వదలకపోవడం. గుడ్డ పదే పదే తడిసిపోతున్నా, ఆమె చెమటలు పట్టి చల్లబడుతున్నా, "కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అన్నా, బలహీనతేలే అని సర్దిచెప్పకుండా నర్సును పిలవడం.

మంచి కాన్పు గదుల్లో మొదటి రెండు గంటలూ నర్సమ్మ పావుగంటకోసారి మంచం దగ్గరికి వస్తుంది. నాడి చూస్తుంది, బీపీ రాస్తుంది, పొట్టమీద చెయ్యివేసి గర్భసంచి గట్టిగా ఉందో లేదో నొక్కి చూస్తుంది, గుడ్డ తీసి చూస్తుంది. రెండు గంటలు గడిచాయి. గర్భసంచి చేతికి గట్టిగా తగులుతోంది, నాడి 84, గుడ్డమీద మరకే ఉంది. తల్లి బిడ్డను పక్కలోకి తీసుకుని పాలిస్తోంది. నర్సమ్మ మళ్ళీ బయటికి వచ్చి "తల్లీ బిడ్డా క్షేమం" అన్నప్పుడు, ఆ మాట పూర్తిగా నిజం.